బడి, హాకీ కర్ర

1980 మాస్కో ఒలింపిక్స్ ఫైనల్లో మనవాళ్లు స్పెయిన్‌ను 4-3తో ఓడించిన వార్త డోంగ్లికి రేడియోలో వచ్చింది. మర్నాటి నుంచి వంకర తుమ్మకర్రలే మాకు హాకీ స్టిక్కులు. (అప్పటికి మన ఊరు మండలం కాదు, అది 2022 నాటి మాట.)

మాలో అందరికన్నా బాగా ఆడేవాడు తొమ్మిదో తరగతి ఫెయిలయ్యాడు. ఆట మాన్పిస్తే చదువుతాడని పెద్దలు కర్ర లాక్కున్నారు. వాడు బడే మానేశాడు. నేను ఇంజనీరునయ్యాను. మైదానంలో మాత్రం వాడి ముందు నేను లెక్కలోకే రాను.

ఆటను, చదువును ఒకే కప్పు కింద పెట్టిన హకీంపేట స్పోర్ట్స్ స్కూలు 1993లో వచ్చింది. నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. హాస్టల్ అక్కడే, పాఠాలు అక్కడే, సాధన అక్కడే. మావాడికి అది పదేళ్లు ఆలస్యం.

హాకీలో మనవాళ్లు తక్కువేం కాదు. హైదరాబాద్ ముఖేష్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడాడు. నిజామాబాద్ అమ్మాయి యెండల సౌందర్య భారత జట్టుకు ఆడింది. 2016 దాకా మనదీ ఆ జిల్లానే కదా!

మన సంఘానికి నాదొక మాట. వారానికి మూడు సాయంత్రాలు పిల్లలకు హాకీ నేర్పిద్దాం, ఆటకు ముందు గంటసేపు చదువు. మార్కులు తగ్గినవాడికి ఆ గంట పెంచుదాం, కర్ర మాత్రం లాక్కోవద్దు. లెక్కలు నేను చెప్తాను.