మొహల్లా కమిటీ

ఒక వాడలోనో బస్తీలోనో ఉండే సామాన్యులు, ఆ ప్రాంతపు పోలీసు సిబ్బంది, అవసరాన్నిబట్టి పురపాలక ఉద్యోగులు క్రమం తప్పకుండా కలిసి కూర్చుని, తగాదాలూ నేరాలూ ముదరకముందే చక్కబెట్టుకునే ఏర్పాటును మొహల్లా కమిటీ అంటారు. దీనికి స్పష్టమైన రూపం మహారాష్ట్రలోని భివండీలో 1988లో వచ్చింది. తెలుగు పట్టణాల్లో తరచూ వినిపించే ‘శాంతి సంఘం’తో దీనికి చుట్టరికం ఉన్నా రెండూ ఒకటి కావు. శాంతి సంఘాన్ని సాధారణంగా పండుగల ముందో, గొడవ జరిగాకో పిలుస్తారు. అందులో పార్టీల నాయకులు, మతపెద్దలు, పేరున్న వ్యాపారులు కూర్చుంటారు. మొహల్లా కమిటీ విలువంతా ఏ గొడవా లేని మామూలు రోజున, ఏ పేరూ లేని మనుషులు సమావేశం కావడంలోనే ఉంది.

ఊరి కాపలా ఊరే చూసుకోవడం పాత పద్ధతే: పల్లెల్లో తలారులు, నగరాల్లో కొత్వాలులు శతాబ్దాల పాటు ఆ పని చేశారు. హైదరాబాద్ కొత్వాలుగా 1920 నుంచి 1934 వరకు ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరు నగరంలో ఇప్పటికీ నిలిచి ఉంది. బ్రిటిష్ పాలనలో వచ్చిన 1861 పోలీసు చట్టం మాత్రం ఇరుగుపొరుగును వేరే కంటితో చూసింది. అలజడి రేగిన చోట అదనపు బలగాన్ని దింపి, దాని ఖర్చును అక్కడి జనం నుంచే రాబట్టే వీలును 15వ సెక్షన్ ఇచ్చింది. 17వ సెక్షన్ కింద స్థానికులను కొంతకాలం ప్రత్యేక పోలీసులుగా నియమించవచ్చు. అంటే ఆ చట్టం లెక్కలో వీధి జనం జరిమానా కట్టేవాళ్లు, లేదంటే పిలిస్తే రావలసినవాళ్లు. వాళ్లతో కూర్చుని మాట్లాడాలన్న ఊహ అందులో లేదు.

భివండీ ఠాణే జిల్లాలో, ముంబైకి దగ్గరగా ఉన్న మరమగ్గాల పట్టణం. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు, తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడి మగ్గాల మీద బతికారు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన పద్మనగర్ పేట ఆ ఊళ్లో భాగమే. రెండు మతాలవాళ్లకూ అన్నం పెట్టేది ఒకే నూలు. అయినా ఊరు రెండుసార్లు తగలబడింది. 1970 మే 7న శివజయంతి ఊరేగింపు సందర్భంగా అల్లర్లు చెలరేగగా, వాటిపై జస్టిస్ డి.పి. మదన్ కమిషన్ విచారణ జరిపింది. 1984 మేలో మళ్లీ రేగిన హింస ఠాణే, ముంబైలకూ పాకింది.

డీసీపీ సురేశ్ ఖోపడే 1988లో భివండీ బాధ్యతలు తీసుకున్నాక, జరిగిన అల్లర్ల వెనక ఏముందో తరచి చూశారు. ఆయనకు తేలింది ఇది: పెద్ద మంట చాలాసార్లు చిన్న నిప్పురవ్వతోనే మొదలవుతుంది. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ల మధ్య మాటామాటా పెరుగుతుంది, లేదా సందులో సైకిలు తగిలి ఒకడు మరొకడి చొక్కా పట్టుకుంటాడు. పోలీసులు దాన్ని పట్టించుకోరు. సాయంత్రానికి ఆ ఇద్దరి పేర్లూ పోయి రెండు మతాల పేర్లు మిగులుతాయి, రాత్రికి పుకారు ఊరంతా తిరుగుతుంది. ఈ క్రమాన్ని మొదటి మెట్టు దగ్గరే ఆపాలంటే ఆ సందులో మనుషులు తెలిసిన పోలీసు ఉండాలి, పోలీసు ముఖం తెలిసిన మనుషులూ ఉండాలి.

ఖోపడే ఏర్పాటు చేయించిన 70 కమిటీల కూర్పులోనే ఆయన దూరదృష్టి కనిపిస్తుంది. ఒక్కో కమిటీలో హిందువులు, ముస్లింలు సమాన సంఖ్యలో ఉండాలి, నేరచరిత్ర ఉన్నవాళ్లకు, మతం పేరుతో జనాన్ని రెచ్చగొట్టేవాళ్లకు చోటు ఉండకూడదు. పెద్ద నాయకులను కాకుండా ఆ వీధిలో రోజూ తిరిగే మనుషులనే తీసుకోవాలి. అన్నిటికంటే మెచ్చుకోదగ్గది కానిస్టేబుల్‌కు ఇచ్చిన స్థానం. అంతవరకు బందోబస్తుకు లాఠీ పట్టుకుని నిలబడడం, పై అధికారికి సెల్యూట్ కొట్టడం తప్ప మరో గుర్తింపు లేని మనిషికి ఒక మొహల్లాను అప్పగించారు. సమావేశం పిలవడం, తగాదా వినడం, ఎవరింట్లో ఏముందో తెలుసుకోవడం ఆయన పనయ్యాయి. పేరు పెట్టి పిలవగలిగినంత చనువు ఏర్పడ్డాక వార్త ఠాణాకు పుకారు కంటే ముందు చేరసాగింది.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ముంబై రెండు విడతలుగా రగిలింది. శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ 900 మంది చనిపోయారు. కూతవేటు దూరంలో ఉన్న భివండీ మాత్రం ప్రశాంతంగా ఉంది. కమిటీ సభ్యులు పోలీసులతో కలిసి రాత్రుళ్లు సందుల్లో తిరిగారు. అప్పటికి నాలుగేళ్లుగా ఒకరినొకరు ఎరిగి ఉన్నవాళ్లే కాబట్టి వాళ్ల మాటను జనం నమ్మారు. రాజనీతి శాస్త్రవేత్త ఆశుతోష్ వార్ష్ణేయ 2002లో వెలువరించిన గ్రంథంలో భివండీని ప్రత్యేకంగా ప్రస్తావించారు. మతాలకు అతీతంగా మనుషులు రోజువారీగా కలిసే చోట అల్లర్లు నిలదొక్కుకోలేవన్నది ఆయన వాదన. అదే గ్రంథంలో ఆయన హైదరాబాద్‌ను లక్నోతో పోల్చి పరిశీలించారు.

భివండీ కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 2006 జులైలో ఒక స్థలంలో పోలీస్ స్టేషన్ కట్టే విషయమై వివాదం రేగింది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు పౌరులు చనిపోయారు, గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్లు ప్రాణాలు కోల్పోయారు. ఒకప్పుడు వీధి జనంతో కానిస్టేబుళ్లు కలిసి కూర్చున్న ఊరిలోనే ఇది జరగడం బాధాకరం.

ఇక భివండీ అనుభవాన్ని 1992-93 అల్లర్ల తర్వాత ముంబై కూడా అందిపుచ్చుకుంది. పోలీస్ కమిషనర్ సతీశ్ సాహ్నీ, మాజీ పోలీసు ఉన్నతాధికారి జూలియో రిబెరో, నగర షెరిఫ్‌గా పనిచేసిన ఎఫ్.టి. ఖోరాకీవాలా, శాంతి కార్యకర్త సుశోభా బర్వే తదితరుల చొరవతో 1994లో మొహల్లా కమిటీ ఉద్యమం మొదలైంది. సమావేశాలకు వచ్చిన ఆడవాళ్లు మతసామరస్యం గురించి కాక నీళ్లు రాకపోవడం గురించి, మురుగు పొంగడం గురించి మాట్లాడారు. దాంతో నగరపాలక సంస్థతో పని పడింది, కమిటీల పరిధీ పెరిగింది. పోలీసులు, బస్తీ కుర్రాళ్లు కలిసి ఆడే క్రికెట్ పోటీలు కూడా ఈ ఉద్యమంలో భాగమయ్యాయి.

దక్షిణాదిలో ఇదే ఆలోచన మతకలహాల నుంచి మామూలు నేరాల వైపు మళ్లింది. తమిళనాడులో రామనాథపురం ఎస్పీగా ప్రతీప్ ఫిలిప్ 1993లో ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ ప్రారంభించారు. తిరుచిరాపల్లి కమిషనర్‌గా 1999లో వచ్చిన జె.కె. త్రిపాఠీ నగరాన్ని 57 బీట్లుగా విడగొట్టి, ఒక్కోదానికి నలుగురు కానిస్టేబుళ్లను స్థిరంగా కేటాయించారు. ఠాణా గడప తొక్కడానికి జంకేవాళ్ల కోసం వీధుల్లో ఫిర్యాదు పెట్టెలు పెట్టించారు. పేరు రాయకుండానే చీటీ వేయవచ్చు. భర్త తాగి కొడుతున్నాడని చెప్పుకోలేని ఇల్లాలికి, ఫలానా మలుపులో సారా అమ్ముతున్నారని రాస్తే ఏమవుతుందోనని భయపడే కుర్రాడికి ఆ పెట్టె ఎంత అండో ఊహించుకోవచ్చు. వెలగని వీధి దీపం లాంటివి పోలీసు పని కాకపోవచ్చు. కానీ చీకటి మలుపుకూ గొలుసు దొంగతనానికీ ఉన్న సంబంధం బీటు తిరిగేవాడికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

కేరళ 2008లో 20 పోలీస్ స్టేషన్లలో ‘జనమైత్రి’ని మొదలుపెట్టి తర్వాత విస్తరించింది. బీటు అధికారి తన పరిధిలోని ప్రతి ఇంటి గడపా తొక్కాలన్నది దాని మూలసూత్రం. 2011 కేరళ పోలీసు చట్టం స్థానిక సంఘాలకు చట్టబద్ధమైన చోటు ఇచ్చింది. అధికారి బదిలీ అయితే పథకం మూలపడే మన దేశంలో ఇది చెప్పుకోదగ్గ ముందడుగు.

తెలుగు రాష్ట్రాల్లో దారి కొంత వేరుగా సాగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకూ జనానికీ నడుమ మైత్రీ సంఘాలు ఏర్పడ్డాయి. 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం ఎక్కువగా గుమిగూడే సంస్థలకు సీసీ కెమెరాలను తప్పనిసరి చేసింది. తర్వాత హైదరాబాద్‌లో కాలనీ సంక్షేమ సంఘాలు, అపార్ట్‌మెంట్ల వాళ్లు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించుకునే ‘నేను సైతం’ కార్యక్రమం విస్తరించింది. దొంగను పట్టుకోవడంలో కెమెరా సాయం కాదనలేనిది. అయితే అది జరిగినదాన్ని చూపిస్తుంది, కుళాయి దగ్గరి తగాదాను విడదీయలేదు. 2015లో పాతబస్తీలో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పోలీసులు పట్టుకెళ్లి కౌన్సెలింగ్ ఇచ్చిన ‘చబూత్రా’ కార్యక్రమం మీద మెచ్చుకోళ్లతో పాటు విమర్శలూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పడిన గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించారు. ఇంటి పక్కనే ఉండే ఉద్యోగిని దగ్గర ఆడవాళ్లు నోరు విప్పే అవకాశం దీనితో ఏర్పడింది.

గొడవకు ముందే కలిసి మాట్లాడుకుంటే ఏమవుతుందో చూపే ఉదాహరణ ఒకటుంది: 2023 సెప్టెంబర్ 28న గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే రోజు వచ్చాయి. పోలీసులతో సంప్రదింపుల తర్వాత హైదరాబాద్ ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. ముంబైలో దాన్ని 29కి వాయిదా వేసుకున్నారు. అనుకున్న రోజునే హుస్సేన్‌సాగర్‌లో విగ్రహాలు నిమజ్జనమయ్యాయి.