బంగారు ద్రావణం నుంచి బూడిదరంగు సిరాల దాకా

నలుపు-తెలుపు ఫోటో అని వాడుకలో పిలిచే చిత్రం అచ్చంగా నలుపు, తెలుపులతో ఏర్పడేది చాలా అరుదు. అది గోధుమ లేదా ఎరుపు వైపు మొగ్గితే వెచ్చని ఛాయ అనీ, నీలం వైపు మొగ్గితే చల్లని ఛాయ అనీ అంటారు. సికింద్రాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ 1880ల రెండవ సగంలో స్టూడియో తెరిచి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పేరుపొందిన కాలానికే ఈ మొగ్గును అదుపులో పెట్టడం ప్రింటు తీసేవారి విద్యలో ముఖ్య భాగమై ఉంది.

ఆనాడు విరివిగా వాడిన ఆల్బుమెన్ కాగితాన్ని ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొనతో పూతపెట్టి, ఆ పూతను సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో కాంతికి స్పందించేలా చేసేవారు. దానిపై గాజు నెగటివ్‌ను ఆనించి ఎండలో ఉంచితే బొమ్మ తనంత తానే ఎర్రని గోధుమరంగులో తేలేది. ఇలా ఏర్పడే వెండి కణాలు అతి సూక్ష్మమైనవి కావడమే ఆ ఎరుపుకు కారణం. ప్రింటును గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే బంగారం ఆ కణాలపై చేరి రంగును ఊదా వైపు చల్లబరిచేది గనుక, ఎప్పుడు పైకి తీయాలన్నది పనివాని కన్నే నిర్ణయించేది. వెండి త్వరగా పాడవకుండా కాపాడేదీ ఆ బంగారమే.

తరువాత వచ్చిన బ్రోమైడ్ కాగితంపై, చీకటిగదిలో డెవలపర్ రసాయనంతో రప్పించిన వెండి కణాలు పెద్దవి కావడంతో బొమ్మ తటస్థమైన లేదా చల్లని నలుపుగా వచ్చేది. వెచ్చదనం కోరినవారు వెండిని సల్ఫైడ్‌గా మార్చే సెపియా పద్ధతిని ఆశ్రయించేవారు.

ఇంక్‌జెట్ ప్రింటర్‌లో రసాయనం స్థానాన్ని సిరాల మిశ్రమం ఆక్రమించింది. నలుపు సిరాకు ఆధారమైన కార్బన్ వర్ణకం పలుచబడే కొద్దీ సహజంగానే గోధుమ వైపు మొగ్గుతుంది కాబట్టి, దానికి లేత సయాన్, లేత మెజెంటా సిరాలను కొద్దిగా జోడించి చల్లబరుస్తారు. 2005లో ఎప్సన్ ప్రవేశపెట్టిన కె3 సిరాలలో నలుపుతోపాటు రెండు బూడిద స్థాయిలు ఉండడం వల్ల రంగు సిరాల అవసరం తగ్గి, వెలుగు మారినప్పుడు ప్రింటు పచ్చగానో ఎర్రగానో కనబడే దోషం చాలావరకు అదుపులోకి వచ్చింది. అయినా కాగితం తెలుపు కూడా ఛాయను శాసిస్తుంది: పత్తితో చేసిన సహజవర్ణపు కాగితం బొమ్మను వెచ్చబరిస్తే, మెరుపు రసాయనాలు కలిపిన కాగితం నీలం వైపు లాగుతుంది.

ఈ రెండు విద్యలూ దీన్‌దయాళ్ వారసత్వం దగ్గర కలుస్తాయి. ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించిన ఆయన గాజు నెగటివ్‌లు 2,857. వాటిలో వెలుగునీడలు భద్రంగా ఉన్నా, ప్రింటుకు బంగారంతో ఇచ్చిన ఛాయ ఉండదు. మిగిలిన పాత ప్రింట్లను చూసి ఆ రంగునే అనుకరిస్తే, తెల్లసొన కాలక్రమంలో పసుపెక్కడం, వెండి క్షీణించడం వంటి వార్ధక్య లక్షణాలను కళాకారుడి ఎంపికగా పొరబడే ప్రమాదముంది. కనుక ఆనాటి ఛాయాచిత్రాలను నేడు ముద్రించేవారు వెచ్చదనాన్ని పాతదనానికి అలంకారంగా పూయకుండా, ఆనాటి పద్ధతిని తెలుసుకొని ఛాయను నిర్ణయించి, ఏ సిరా, ఏ కాగితం వాడిందీ ప్రింటుతోపాటు నమోదు చేయడమే చరిత్రకు చేసే న్యాయం.