నీటి తుంపరలో దాగిన న్యుమోనియా: రెండు భవనాలు నేర్పిన పాఠం

1976 జూలై 21 నుంచి 24 వరకు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, బెల్వ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ అనే ప్రసిద్ధ హోటలులో, ‘అమెరికన్ లీజియన్’ అనే మాజీ సైనికుల సంఘం రాష్ట్ర మహాసభ జరిగింది. ఇళ్ళకు తిరిగి వెళ్ళిన కొద్ది రోజులకే ప్రతినిధులు ఒకరి వెంట ఒకరు తీవ్రమైన జ్వరంతో, న్యుమోనియాతో ఆసుపత్రుల పాలయ్యారు. మొత్తం 221 మంది జబ్బుపడగా 34 మంది మరణించారు. హోటలులో అడుగు పెట్టకుండా, దాని పరిసర వీధుల్లో తిరిగినవారు కూడా బాధితుల్లో ఉన్నారు.

కారణం ఏమిటో ఎవరికీ అంతుబట్టలేదు. కొందరు స్వైన్ ఫ్లూ అన్నారు. కొందరు నికెల్ విషమన్నారు. కుట్ర జరిగిందన్న వదంతులూ వ్యాపించాయి. అతిథులు రావడం మానేయడంతో ఆ ఏడాది నవంబరులో హోటలు మూతపడింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంలో పనిచేస్తున్న జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త, తాను అంతకుముందు ప్రాధాన్యం లేనివని పక్కన పెట్టిన గాజు పలకలను డిసెంబరు చివర మళ్ళీ పరిశీలించారు. వాటిలో కనిపించిన కడ్డీ ఆకారపు బాక్టీరియాయే అసలు దోషి అని తేలింది. 1977 జనవరిలో ఆ విషయం ప్రకటించారు. లీజియన్ సభ్యుల ద్వారా వెలుగులోకి వచ్చింది కనుక దానికి ‘లీజియోనెల్లా’ అని పేరు పెట్టారు.

ఇది కొత్తగా పుట్టిన క్రిమి కాదు. 1968లో మిషిగన్ రాష్ట్రంలోని పాంటియాక్ పట్టణంలో ఒక భవనంలోని వారు అంతుచిక్కని జ్వరంతో పడకేశారు. ఆ భవనం మరేదో కాదు, ప్రజారోగ్య శాఖ కార్యాలయమే! అప్పుడు భద్రపరచిన నమూనాలను తరువాత పరీక్షించగా, దానికీ ఇదే క్రిమి కారణమని తెలిసింది.

లీజియోనెల్లా చెరువుల్లో, నదుల్లో, తడి మట్టిలో స్వల్పంగా సహజంగానే ఉంటుంది. దానికి బలం చేకూర్చేది మనం కట్టుకున్న భవనాలే. 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే నీరు, కదలిక లేని గొట్టాలు, పాచి, గార, తుప్పు ఉంటే అది వేగంగా పెరుగుతుంది. ఆ నీరు షవరు, ఫౌంటెను, ఏసీ వ్యవస్థకు చెందిన కూలింగ్ టవరు వంటి వాటి ద్వారా సన్నని తుంపరగా మారి, శ్వాసతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సాధారణంగా ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు. అందువల్ల రోగిని దూరం పెట్టడం కన్నా నీటి వ్యవస్థను శుభ్రపరచడమే ముఖ్యం.

ఫిలడెల్ఫియాలో జరిగింది తెలియక జరిగిన అనర్థం. ఇరవై ఆరేళ్ళ తరువాత, 2002 వేసవిలో ఇంగ్లండులోని బారో-ఇన్-ఫర్నెస్ పట్టణంలో జరిగిన దానిని అలా అనలేము. అక్కడి పురపాలక సంఘానికి చెందిన ‘ఫోరమ్ 28’ అనే కళాకేంద్రపు ఏసీ వ్యవస్థ నుంచి వెలువడిన తుంపర, జనం నడిచే సందులోకి దిగింది. సుమారు 180 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు మరణించారు. అప్పటికి క్రిమి పేరు తెలుసు, దాన్ని అదుపు చేసే పద్ధతులు తెలుసు, బ్రిటన్‌లో మార్గదర్శకాలూ ఉన్నాయి. అయినా నీటిని శుద్ధి చేసే ఒప్పందం కొనసాగలేదు. బాధ్యత ఎవరిదో స్పష్టంగా లేదు. వచ్చిన హెచ్చరికలపై చర్య తీసుకోలేదు. శిక్షణ చాలలేదు. 2006లో న్యాయస్థానం పురపాలక సంఘానికి 1,25,000 పౌండ్ల జరిమానా విధించింది.

చదువరులారా, మొదటి భవనంలో ప్రాణాలు తీసింది అజ్ఞానం. రెండవ భవనంలో నిర్లక్ష్యం. అందుకే ఈనాటి నియమాలు ఔషధాల కన్నా క్రమశిక్షణకే ఎక్కువ విలువనిస్తున్నాయి. వాటి సారం ఇది. భవనంలో నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తుంపరగా మారుతుందో ముందే గుర్తించాలి. వేడినీటిని 60 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి. కుళాయి వద్ద కాలిన గాయాలు కాకుండా జాగ్రత్త వహించాలి. వాడని కుళాయిలను, షవర్లను కనీసం వారానికొకసారి, తుంపర లేవకుండా వదలాలి. కూలింగ్ టవర్లను శుభ్రపరచి, నీటిని మందులతో శుద్ధి చేయాలి. ఇవన్నీ తేదీతో సహా పుస్తకంలో నమోదు చేయాలి. అన్నిటికీ మించి, బాధ్యత వహించే వ్యక్తి ఎవరో పేరుతో సహా నిర్ణయించాలి. అందరి బాధ్యత అన్నది చివరకు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

చన్నీటిని 20 డిగ్రీల లోపు ఉంచాలన్నది శీతల దేశాల సూత్రం. మన ప్రాంతంలో ఎండకు కాగే మేడమీది ట్యాంకుల్లో అది సాధ్యం కాదు. కనుక ట్యాంకును కడగడం, మూత బిగించడం, క్లోరిన్ మోతాదును గమనించడం, నీటిని నిలవనీయకపోవడం మనకు మరింత అవసరం. హోటలు, ఆసుపత్రి, హాస్టలు, కార్యాలయం నడిపేవారు సెలవుల తరువాత భవనం తెరిచేటప్పుడు ముందుగా గొట్టాల్లోని పాత నీటిని వదిలివేయాలి.

రోగి వైపు నుంచి ఒక మాట. తుంపర పీల్చిన సుమారు రెండు నుంచి పది రోజులలో తీవ్ర జ్వరం, పొడి దగ్గు, ఆయాసం, ఒళ్ళు నొప్పులు, కొందరిలో విరేచనాలు, మతి తడబాటు కనిపిస్తాయి. యాభై దాటినవారికి, పొగ తాగేవారికి, మధుమేహం ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ముప్పు ఎక్కువ. పెన్సిలిన్ తరగతి మందులు దీనికి పనిచేయవు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటివి పనిచేస్తాయి. వాటిని వైద్యుడే నిర్ణయించాలి. ఇటీవల ఏ హోటలులో బస చేశారో, ఏ ఆసుపత్రిలో ఉన్నారో వైద్యునికి తప్పక చెప్పండి. ఆ ఒక్క సమాచారంతో మూత్ర పరీక్ష సకాలంలో జరిగి, మీ ప్రాణంతో పాటు అదే భవనంలో ఉన్న మరికొందరి ప్రాణాలూ నిలవవచ్చు.