పర్యాయవక్రత

పర్యాయవక్రత యనగా, ఒకే యర్థమును దెలుపు పదములు పెక్కు గలిగియుండగా, వానిలో వక్త భావమునకును దృష్టికిని తగిన యొక్కదానినే కవి యేర్చి ప్రయోగించుటచే గలుగు కావ్యశోభ. కాశ్మీర దేశీయుడైన కుంతకుడు క్రీ. శ. 10, 11 శతాబ్దుల సంధికాలమున రచించిన వక్రోక్తిజీవితమున, తాను ప్రతిపాదించిన ఆరు వక్రతలలో రెండవదగు పదపూర్వార్ధవక్రత క్రింద దీనిని నిరూపించెను. నాలుగు ఉన్మేషముల యీ గ్రంథము చిరకాలము మరుగుపడియుండి, 1923లో సుశీల్ కుమార్ దే పరిష్కరణమున ముద్రణమునకు వచ్చెను.

వివక్షితార్థమును చెప్పజాలిన యొకే యొక పదమే కావ్యమున శబ్దమనిపించుకొనునని ప్రథమోన్మేషమున నిర్వచించి, కుంతకుడు కాళిదాసు కుమారసంభవము పంచమసర్గమునుండి లక్ష్యమును గైకొనెను. వటువేషమున వచ్చిన శివుడు, తపమొనర్చు పార్వతి మనస్సును మరల్పబూని, ఆమె కోరిన వరుని ‘కపాలి’ యని పేర్కొనును. శివునకు వేయి నామములున్నను, పుఱ్ఱెను ధరించినవాడను నర్థము గల యీ నామమే జుగుప్సను రేపి, అట్టివాని పొందుగోరుట శోచనీయమను వాదమునకు బలమొసగును. ‘పినాకి’ యన్నచో వ్యక్తి యాతడే యైనను, విల్లు దాల్చిన వీరుడు స్ఫురించి నింద నీరుగారిపోవును. ఈ రెండు పేర్లకును గురులఘుక్రమ మొక్కటియే. కావున ఎన్నిక ఛందోనిర్బంధముచే గలిగినది కాదు, కవి బుద్ధిపూర్వకముగ జేసినదే యని స్పష్టము. అంతకంటెను గమనింపదగినది, నిందించువాడు శివుడే యగుటచే, ఆ పదమునందలి తిరస్కారము వటువేషమునకు జెందునే కాని కవి స్వాభిప్రాయము కాజాలదు.