విమానాశ్రయం గుత్త

అనంతపురంలో వేరుశనగ లెక్కలు తప్ప విమానాల ఊసెందుకు అంటారేమో. వానలు ఎగ్గొట్టిన ఊళ్ళవాళ్ళే కూలికోసం కువైట్ దాకా పోతారమ్మా. కదిరి వైపునుంచి ఆడవాళ్ళు కూడా ఇళ్ళల్లో పనికని వెళ్ళేది మనకు తెలిసిందే. మా ఎదురింటామె చెల్లెలు అట్లా వెళుతూ టికెట్టు నాచేత చదివించుకుంది. ఛార్జీ కింద యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అని వేరే ఉంది. “ఇదెవరికి పోతుందక్కా, సర్కారుకేనా?” అంది. చప్పున చెప్పలేకపోయాను. తర్వాత విచారించి తెలుసుకున్నదే ఈ ప్రసంగం.

సర్కారూ షావుకారూ కలిసి విమానాల వ్యాపారం చెయ్యడం మనకు కొత్తేమీ కాదు. బేగంపేటనుంచి నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ 1945లో పుట్టింది. అందులో పెద్ద వాటా నిజాం సర్కారుది, తక్కినది టాటా వారిది. ఆడదానికి విమానం అప్పగించమని ఇతర కంపెనీలు కాదన్నాక, ప్రేమ్ మాథుర్ అనే ఆమెకు పైలట్ ఉద్యోగం ఇచ్చిన కంపెనీ కూడా అదే. ఈ మాట చెప్పకుండా ముందుకు పోబుద్ధి కాలేదు. 1953లో ఆ కంపెనీని జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు.

విమానాశ్రయాలు మాత్రం చాలాకాలం సర్కారు చేతిలోనే ఉన్నాయి. 1995లో వాటన్నిటికీ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అని ఒకే సంస్థ ఏర్పడింది. అయితే ప్రయాణికులు పెరిగారు, కట్టడానికి డబ్బు చాలలేదు. 1999లో కొచ్చిన్‌లో కేరళ ప్రభుత్వమూ, విదేశాల్లో ఉన్న మలయాళీలూ వాటాలు వేసుకుని విమానాశ్రయం కట్టుకున్నారు. ఆ తర్వాత మన వంతు.

హైదరాబాదు ఒప్పందం 2004 డిసెంబరులో కుదిరింది. శంషాబాదులో సుమారు 5,500 ఎకరాలు. కంపెనీలో 63 పాళ్ళు జి.ఎం.ఆర్. వారివి, 11 మలేషియా వారివి, 13 ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి, 13 రాష్ట్ర ప్రభుత్వానివి. 2008 మార్చిలో అక్కడ విమానాలు దిగాయి, బేగంపేటలో మామూలు రాకపోకలు ఆగాయి. అదే ఏడాది మే 24న మన పొరుగున దేవనహళ్ళిలో బెంగుళూరు విమానాశ్రయం మొదలైంది. అందులోనూ అథారిటీకి 13, కర్ణాటకకు 13.

రెండు పదమూళ్ళు ఇరవయ్యారు. ఆ లెక్కలోనే కిటుకుంది. కంపెనీ చట్టం ప్రకారం ముఖ్యమైన తీర్మానాలకు నూటికి 75 ఓట్లు కావాలి. ఇరవయ్యారు చేతిలో ఉంటే పెత్తనం చెయ్యలేకపోయినా అడ్డం నిలవచ్చు. ఇంట్లో పెద్దత్తగారిలాగా అన్నమాట!

ఇక గుత్త సంగతి. శంషాబాదు కంపెనీ తన రాబడిలో నూటికి 4 రూపాయలు కేంద్రానికి ఇవ్వాలి. 2006లో ఢిల్లీ విమానాశ్రయాన్నీ జి.ఎం.ఆర్. బృందానికే ఇచ్చారు. అక్కడ అథారిటీకి ఇవ్వవలసింది దాదాపు 46. ఇంత తేడా ఏమిటని నేనూ ముక్కుమీద వేలేసుకున్నాను. కాపుకొచ్చిన చింతతోపుకూ రాళ్ళచేనుకూ ఒకే గుత్త ఉండదు కదా. ఢిల్లీలో అప్పటికే విమానాలు దిగుతున్నాయి, శంషాబాదులో నేల చదునుచేసి మొదలుపెట్టాలి. ఆ నాలుగు మరీ తక్కువేమో అనే అనుమానం నాకింకా పోలేదు.

టెర్మినల్, రన్‌వే, అంగళ్ళు కంపెనీ చూసుకుంటుంది. విమానాలకు దారి చెప్పేది అథారిటీ. తుపాకులతో కాపలా కాసేది కేంద్ర బలగం. పాస్‌పోర్టు మీద ముద్ర వేసేదీ సర్కారు మనిషే. టికెట్టులోని ఆ ఫీజు కంపెనీకి పోతుంది, కానీ ఎంతో తేల్చేది 2009లో ఏర్పడిన కేంద్ర నియంత్రణ సంస్థ.

2014లో రాష్ట్రం విడిపోయింది. శంషాబాదులోని ఆ 13 పాళ్ళు తెలంగాణకు వెళ్ళాయి. మలేషియా వారు 2024లో తమ వాటా జి.ఎం.ఆర్.కే అమ్ముకున్నారు.

ఇదంతా ఎదురింటామె చెల్లెలికి ఫోనులో చెప్పాను. ఓపిగ్గా విని, “ఒకటి కర్ణాటకది, ఒకటి తెలంగాణది. రెండుచోట్లా ఫీజు కట్టేది మనం. మన రాష్ట్రానికి పాలెంతక్కా?” అంది.

ఏమీ లేదని చెప్పాను.