యేసుకు తమ్ముళ్లున్నారా? గుణదలకీ బందరుకీ మధ్య ఒక పాత గొడవ

ఈరోజు టాపిక్ కొంచెం సెన్సిటివ్. కాబట్టి ఒకటిన్నర స్పీడ్‌లో కాకుండా మామూలు స్పీడ్‌లోనే వినండి.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీలు వస్తే మన విజయవాడలో గుణదల తిరునాళ్లు. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు, కొండ మీది సిలువ దాకా ఎక్కేవాళ్లు. హిందువులు కూడా చాలామంది వస్తారు. కానీ అదే ఊళ్లో ఉండే సీఎస్ఐ, బాప్టిస్టు, పెంతెకొస్తు కుటుంబాల్లో చాలామంది ఆ కొండ ఎక్కరు. మన డెల్టాలో క్రైస్తవుల ఇళ్లల్లో సంబంధం మాట్లాడేటప్పుడు ముందు వచ్చే ప్రశ్నల్లో ఒకటి, "మీరు ఆర్‌సీఎమ్మా, సీఎస్ఐయా?" ఆ ప్రశ్న వెనకాల ఉన్న గొడవల్లో ఒకటి ఇది: యేసు పుట్టాక మరియమ్మకి ఇంకా పిల్లలు పుట్టారా? లేక ఆమె జీవితాంతం కన్యగానే ఉండిపోయిందా?

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. ఇక్కడ మూడు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి, యేసు కన్యకి పుట్టాడని. ఇది క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఇద్దరూ నమ్ముతారు, గొడవ లేదు. రెండు, మరియమ్మ తన తల్లి కడుపులో పడినప్పటి నుంచే పాపం అంటకుండా ఉందని. దీన్ని పోప్ 1854లో అధికారికంగా ప్రకటించారు. 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్ అనే అమ్మాయికి కనిపించిన స్త్రీ చెప్పుకున్న పేరు దీనికి సంబంధించిందే. గుణదలలో ఉన్నది ఆ లూర్దు మాతే. 1924లో ఫాదర్ అర్లాటి అనే మిషనరీ ఆ విగ్రహం పెట్టించారు. మూడోది, ఆమె నిత్యకన్య అని. మన ఎపిసోడ్ ఈ మూడోదాని గురించే.

ప్రొటెస్టెంట్ల వాదన వినడానికి చాలా సింపుల్. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో యేసు సోదరుల పేర్లు ఉన్నాయి: యాకోబు, యోసే, యూదా, సీమోను. అక్కచెల్లెళ్లు కూడా ఉన్నారని ఉంది. మత్తయి మొదటి అధ్యాయం చివర, కొడుకు పుట్టే "వరకు" యోసేపు ఆమెతో కాపురం చేయలేదని ఉంది. లూకా ఆ బిడ్డని "తొలిచూలు" అన్నాడు. ఇంకేం కావాలి? అని వాళ్ల ప్రశ్న.

ఇప్పుడు ఆ మూడు పదాల్ని మన భాషలోనే టెస్ట్ చేద్దాం. "నేను వచ్చే వరకు ఇక్కడే ఉండు" అంటే, వచ్చాక వెళ్లొచ్చని అర్థం. కానీ "చచ్చే వరకు ఆయన మాట తప్పలేదు" అంటే, చచ్చాక తప్పాడని కాదుగా! అంటే "వరకు" అనే మాట తర్వాత ఏం జరిగిందో దానంతట అది చెప్పదు. "తొలిచూలు" కూడా అంతే. పాడిగేదె మొదటిసారి ఈనగానే తొలిచూలు అంటాం, రెండో ఈత కోసం ఎదురుచూసి అనం. యూదుల ధర్మశాస్త్రంలో కూడా మొదటి మగబిడ్డ పుట్టగానే దేవుడికి చెందుతాడు, తర్వాత పిల్లలు పుట్టినా పుట్టకపోయినా.

ఇక "సోదరుడు". ఇక్కడ తెలుగువాళ్లకి కొంచెం అడ్వాంటేజ్ ఉంది. ఇంగ్లీషులో కజిన్ అనే చోట మనం పెదనాన్న కొడుకుని అన్న అంటాం, పిన్ని కొడుకుని తమ్ముడు అంటాం. యేసు మాట్లాడిన అరామిక్ భాషలో కూడా ఇలాంటి వాడకమే ఉండేదని క్యాథలిక్కులు చెబుతారు. ఆదికాండంలో అబ్రాహాము తన అన్నకొడుకు లోతుతో మనం సోదరులం అనే అంటాడు. ప్రొటెస్టెంట్ల జవాబు కూడా బలమైనదే. కొత్త నిబంధన రాసింది గ్రీకులో. గ్రీకులో కజిన్‌కి "అనెప్సియోస్" అని వేరే మాట ఉంది. కొలొస్సీ పత్రికలో మార్కు గురించి చెప్పేటప్పుడు వాడింది ఆ మాటే. మరి యేసు సోదరుల దగ్గర ఎందుకు వాడలేదు?

గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ప్రసంగాలు వినే ఉంటారు. మూడో మాటలో యేసు సిలువ మీద నుంచి తల్లిని శిష్యుడికి అప్పగిస్తాడు. సొంత కొడుకులు ఇంకా ఉంటే బయటివాడికి ఎందుకు అప్పగిస్తాడు? ఇది క్యాథలిక్ పాయింట్. మన ఊళ్లలో అలా చేస్తే మిగతా కొడుకుల పరువు ఏమవుతుందో ఆలోచించండి. అప్పటికి ఆ సోదరులు ఆయన్ని నమ్మలేదని యోహాను సువార్తలోనే ఉంది కదా, అందుకే అని ప్రొటెస్టెంట్లు అంటారు.

ఈ వాదన మొదలైంది మిషనరీలతో కాదు. సుమారు 380లో రోమ్‌లో హెల్విడియస్ అనే అతను మరియమ్మకి తర్వాత పిల్లలు పుట్టారని రాశాడు. 383లో జెరోమ్ దానికి గట్టిగా జవాబు రాశాడు. బైబిల్‌ని లాటిన్‌లోకి తెచ్చిన జెరోమే ఈయన. ఆ సోదరులు కజిన్స్ అన్నాడు. అంతకుముందు నుంచే ఇంకో మాట ప్రచారంలో ఉంది, వాళ్లు యోసేపు మొదటి భార్య పిల్లలని. తూర్పు ఆర్థడాక్స్ చర్చిలు ఇప్పటికీ అదే చెబుతాయి. 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభ "నిత్యకన్య" అనే బిరుదునే వాడింది.

నన్ను ఆశ్చర్యపరిచిన విషయం దీని తర్వాతిది. మార్టిన్ లూథర్ పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాడు, కానీ మరియమ్మ నిత్యకన్య అనే నమ్మకాన్ని వదల్లేదు. జ్వింగ్లీ కూడా అంతే. "వరకు", "తొలిచూలు" అనే మాటల్ని బట్టి తర్వాత ఏం జరిగిందో తేల్చలేమని చెప్పింది ఎవరో తెలుసా? కాల్విన్! మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ 1749లో ఒక క్యాథలిక్‌కి రాసిన లేఖలో ఆమె ఎప్పటికీ కన్యే అని ఒప్పుకున్నాడు. అంటే ఇప్పుడు మనం "ప్రొటెస్టెంట్ సిద్ధాంతం" అనుకునేది మొదటి వెర్షన్‌లో లేదు. తర్వాతి తరాల్లో మారింది.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగే సమయానికి ఆ మార్పు చాలా దూరం వచ్చింది. వాళ్లని పంపింది ఆంగ్లికన్ల సీఎంఎస్. అయినా ఆ చర్చిలో అందరిదీ ఒకే మాట కాదు. 1865లో లైట్‌ఫుట్ అనే ఆంగ్లికన్ పండితుడు, ఆ సోదరులు యోసేపు మొదటి భార్య పిల్లలే అని పెద్ద వ్యాసం రాశాడు. అదే చర్చి వారసత్వం 1947లో సీఎస్ఐలో కలిసింది.

మరి అసలు తేడా ఎక్కడుంది? నాకు అర్థమైనంతలో, వచనాల్లో కంటే ముందు ఒక రూల్‌లో ఉంది. బైబిల్‌లో స్పష్టంగా రాయనిదాన్ని కూడా చర్చి తరతరాలుగా నమ్ముతూ వస్తే అది ప్రమాణమే అంటారు క్యాథలిక్కులు. రాసి ఉంటేనే విశ్వాసానికి షరతు పెట్టగలం అంటారు ప్రొటెస్టెంట్లు. ప్రొటెస్టెంట్లకి ఇంకో భయం కూడా ఉంది. మరియమ్మ గొప్పతనం పెంచుకుంటూ పోతే ప్రార్థన కొడుకుని దాటి తల్లి దగ్గరే ఆగిపోతుందని. మేం ఆరాధించేది దేవుణ్నే, అమ్మని మా కోసం ప్రార్థించమని అడుగుతాం అని గుణదల భక్తుల జవాబు.

ఏది నిజమో తేల్చడం ఈ ఎపిసోడ్ పని కాదు. కానీ పెళ్లి సంబంధాల దగ్గర, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో "మీకు బైబిల్ తెలీదు" అనీ, "మీకు అమ్మంటే గౌరవం లేదు" అనీ అనేసుకుంటాం చూడండి, ఆ రెండు మాటలూ చరిత్ర ముందు నిలబడవు. జెరోమ్‌కి బైబిల్ బాగానే తెలుసు. లూథర్‌కి మరియమ్మ మీద గౌరవం బాగానే ఉంది.

ఈసారి ఇంట్లో ఈ టాపిక్ వస్తే, ముందు మార్కు ఆరో అధ్యాయం, యోహాను పంతొమ్మిదో అధ్యాయం పక్కపక్కన పెట్టి ఇద్దరూ కలిసి చదవండి. వాదన ఆ తర్వాత. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.