చెవి ద్వారా వేగస్ నాడి ఉద్దీపన, గుండె లయ వైవిధ్యం: చరిత్ర

మెదడు అడుగున మొదలై మెడ మీదుగా గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం దాకా పోయే పదో కపాల నాడి పేరు వేగస్. దాని కొమ్మ ఒకటి చెవి డొప్పలోకి వస్తుంది. చర్మం పైనుంచే ఆ కొమ్మకు స్వల్పంగా విద్యుత్తు పంపి మూర్ఛ, మానసిక కుంగుబాటు, గుండె లయ దోషాలకు చికిత్స చేయాలన్న ప్రయత్నమే చెవి ద్వారా వేగస్ ఉద్దీపన. నాడి స్పందించిందో లేదో తెలుసుకోవడానికి పరిశోధకులు ఎక్కువగా గుండె లయ వైవిధ్యాన్ని (హెచ్‌ఆర్‌వీ) చూస్తారు. ఒక స్పందనకూ మరుసటి స్పందనకూ నడుమ వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులే ఈ వైవిధ్యం. ఈ రెండు కథలూ చాలాకాలం వేటికవే నడిచి 21వ శతాబ్దంలో కలిశాయి.

తొలి దశ

2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ ఈ నాడిని వర్ణించాడు. 1845లో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు వేగస్‌ను విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె మందగించి ఆగిపోతుందని చూపారు. 1847లో కార్ల్ లుడ్విగ్ ఊపిరితో పాటే గుండె వేగం పెరిగి తగ్గడాన్ని కైమోగ్రాఫ్ మీద నమోదు చేశాడు. 1921లో ఆటో లోయివీ ఒక కప్ప గుండెకున్న వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని మరో గుండెకు అందించాడు. రెండోది కూడా నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది ఎసిటైల్‌కోలిన్ అని తరవాత తేలింది. లోయివీకి 1936లో నోబెల్ బహుమతి దక్కింది.

చెవి కొమ్మను 19వ శతాబ్దంలో జర్మన్ శరీర శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ ఆర్నాల్డ్ గుర్తించాడు. చెవిలో గులిమి తీస్తుంటే కొందరికి ఉన్నట్టుండి పొడి దగ్గు వస్తుంది. అది ఈ కొమ్మ పనే.

లయ వైవిధ్యం ఆసుపత్రికి చేరడం

1960ల్లో అమెరికాలో హాన్, లీ అనే పరిశోధకులు గర్భస్థ శిశువు గుండె వేగాన్ని గమనిస్తూ, ప్రమాదం ముంచుకొచ్చే ముందు మొదట స్పందనల మధ్య తేడాలు చెరిగిపోతాయని కనుక్కున్నారు. ఈ కొలత నిత్యం అక్కరకొచ్చే చోటు ఇప్పటికీ కాన్పుల గదే. శిశువు గుండె వేగం నిమిషానికి 5 నుంచి 25 స్పందనల మేర అటూ ఇటూ ఊగుతుంటే డాక్టరు నిశ్చింతగా ఉంటారు. గీత చదునుగా సాగుతూ పోతే కారణం వెతుకుతారు.

1970ల్లో ఎడిన్‌బరోలో డేవిడ్ యూయింగ్ మధుమేహ రోగుల కోసం రూపొందించిన పరీక్షలు చవకైనవి, చక్కనివి. రోగిని కూర్చోబెట్టి, 5 సెకన్లు ఊపిరి పీల్చి 5 సెకన్లు వదలమంటారు. నిమిషానికి ఆరుసార్లు. ఈసీజీ కాగితం సెకనుకు 25 మి.మీ. చొప్పున కదులుతుంది. పీల్చేటప్పుడు రెండు శిఖరాల మధ్య దూరం 18 మి.మీ. ఉంటే వేగం 83, వదిలేటప్పుడు 23 మి.మీ. ఉంటే 65. తేడా 18. పదిహేను, ఆ పైన ఉంటే వేగస్ బాగానే ఉన్నట్టు. పది, అంతకన్నా తక్కువైతే మధుమేహం ఆ నాడిని దెబ్బతీసిందని అనుమానించాలి. ఇందుకు ఈసీజీ యంత్రం, గడియారం, స్కేలు చాలు.

1987లో క్లైగర్ బృందం గుండెపోటు నుంచి బయటపడిన 808 మంది 24 గంటల రికార్డులు పరిశీలించింది. వైవిధ్యం 50 మిల్లీసెకన్ల లోపు ఉన్నవారికి మరణ ముప్పు, 100 దాటినవారికన్నా 5.3 రెట్లు. 1996లో యూరప్, ఉత్తర అమెరికా హృద్రోగ సంఘాలు కొలతకు ఉమ్మడి ప్రమాణాలు ప్రకటించాయి. నేటి చేతి గడియారాలు రోజూ చూపే అంకెకు మూలం ఇక్కడే ఉంది.

అనంతపురం పీఠభూమిలో

ఈ నాడి సంగతి పల్లె ఆసుపత్రుల్లో ఎలా ఎదురవుతుందో చూడటానికి అనంతపురం ఒక ఉదాహరణ. ఏడాదికి సగటున 550 మి.మీ. దరిదాపుల్లో మాత్రమే వాన పడే ఈ ప్రాంతంలో పెద్ద వైద్యం ఆలస్యంగా వచ్చింది. పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నవంబరు 22న మొదలై, గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసి పేదలను ఆదుకుంది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లిలో 2000లో ఆసుపత్రి నెలకొల్పింది. అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాలదీ అదే సంవత్సరం. పుట్టపర్తి, బత్తలపల్లి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

ఇలాంటి మెట్ట సేద్యపు సీమలో క్యాజువాలిటీ సిబ్బందికి వేగస్ సంగతి చెవి యంత్రాల వల్ల కాదు, పురుగుమందుల వల్ల తెలుసు. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంట్లోకి వెళితే లోయివీ ప్రయోగంలో గుండెను నెమ్మదింపజేసిన ఎసిటైల్‌కోలిన్ విరగక పేరుకుపోతుంది. కంటి పాపలు గుండుసూది మొనంత అవుతాయి, నోట నురగ, చెమట, ఛాతీలో గురగుర, నాడి మందగింపు. విరుగుడు అట్రోపిన్. ఛాతీ తేటపడి నాడి 80 దాటేదాకా అయిదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోతారు. వేగస్‌ను రెచ్చగొట్టడం కన్నా అణచడమే ప్రాణం నిలిపే సందర్భం ఇది.

చెవి దారి

1950ల్లో ఫ్రాన్సులోని లియోన్ వైద్యుడు పాల్ నోజియే, తలకిందులుగా ఉన్న శిశువు ఆకారాన్ని చెవి మీద ఊహించి సూదుల వైద్యం ప్రచారం చేశాడు. అది వేగస్ సిద్ధాంతం కాదు. ఛాతీలో యంత్రం అమర్చి మెడలోని ఎడమ వేగస్‌కు తీగ చుట్టే పద్ధతి 1988లో మనుషుల్లో మొదలై, 1997లో మూర్ఛకూ 2005లో మొండి కుంగుబాటుకూ అమెరికాలో అనుమతి పొందింది. ఆపరేషన్ కావాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది, గొంతు బొంగురుపోతుంది. చెవి వైపు చూపు మళ్లడానికి ఇవే కారణాలు.

2000లో వెంచురేరా అనే వైద్యుడు చెవి ద్వారా మూర్ఛకు చికిత్స చేయవచ్చని ప్రతిపాదించాడు. 2002లో జర్మనీలో పాయ్‌కర్, ఫిల్లర్ ఏడు భౌతికకాయాల చెవులు కోసి నాడుల పటం గీశారు. చెవి డొప్ప పైగుంటకు (సింబా కోంకా) వేగస్ ఒక్కటే వస్తోంది. రంధ్రం ముందున్న చిన్న మొనకు (ట్రాగస్) కొన్ని చెవుల్లోనే వస్తోంది. తమ్మెకు రావడమే లేదు. చెవులు కుట్టించినా, తమ్మెలు పట్టుకుని గుంజీళ్లు తీసినా వేగస్ మేలుకుంటుందన్న ప్రచారానికి ఈ పటంలో ఆధారం దొరకదు. గుంజీళ్లతో గుండె వేగం మారేది కాళ్ల శ్రమ వల్ల. ప్రయోగాల్లో ఉత్తుత్తి ఉద్దీపనకు క్లిప్పు పెట్టేది కూడా తరచు ఆ తమ్మెకే.

2010లో జర్మన్ కంపెనీ సెర్బోమెడ్ వారి నెమోస్ పరికరానికి యూరప్ అనుమతి వచ్చింది. 2014లో ఇంగ్లండులో క్లాన్సీ బృందం, ట్రాగస్ ఉద్దీపనతో ఆరోగ్యవంతుల లయ వైవిధ్యం మెరుగుపడిందని ప్రకటించింది. ఓక్లహోమాలో స్టావ్‌రాకిస్ బృందం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ చెదిరే జబ్బు) ఉన్న 53 మందిపై చేసిన ప్రయోగం 2020లో వెలువడింది. రోజుకు గంట, ఆరు నెలలు. చివరికి ట్రాగస్ వర్గంలో లయ చెదిరి ఉండే కాలం తమ్మె వర్గం కన్నా 85 శాతం తక్కువ. ఈ రంగంలో ఇంత గట్టి ఫలితాలు అరుదే, కాని మనుషులు కొద్దిమంది.

2021లో వోల్ఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను కలిపి లెక్కగట్టి, చెవి ఉద్దీపన వల్ల వేగస్ సంబంధ లయ వైవిధ్యం మారుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. నాడి స్పందించలేదా, కొలత పట్టుకోలేకపోయిందా అన్నది వివాదంలోనే ఉంది. లయ వైవిధ్యంలోని తక్కువ, ఎక్కువ పౌనఃపున్యాల నిష్పత్తిని సహానుభూత (సింపథెటిక్), వేగస్ నాడుల తక్కెడగా చదవడం తప్పని బిల్‌మన్ అనే పరిశోధకుడు 2013లోనే హెచ్చరించాడు. ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టారు, ఏ చెవికి, ఎన్ని మిల్లీఆంపియర్లు, ఎంతసేపు అన్నవి ప్రతి నివేదికలోనూ రాయాలని 2021లో అచ్చయిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం కోరింది.